తపస్సు కాలంలో మొక్కు తప్పింది, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది గుంటూరు జిల్లా ఫిరంగిపురం దగ్గర పల్లె, కథోలిక కుటుంబం. పెళ్లయ్యాక విజయవాడ వచ్చేశాం. మావారు హిందువు. నేను గుడికి (చర్చికి), పూజకి వెళ్తానంటే ఏనాడూ అడ్డు చెప్పలేదు. పిల్లలిద్దరికీ జ్ఞానస్నానం ఇప్పించాం. బాబుకి పదకొండేళ్లు, పాపకి ఆరు. అత్తగారు మాతోనే ఉంటారు. నేను ప్రైవేటు ఉద్యోగం చేస్తాను, ఇంటికి చేరేసరికి రాత్రి ఏడు దాటుతుంది.

ఊళ్లో ఉన్నప్పుడు ఇప్పుడు ఏ కాలం నడుస్తోందో ఎవరూ చెప్పక్కర్లేదు. గుడి గంట, ప్రార్థనలు నడిపే ఉపదేశి గారి గొంతు, సాయంత్రం జపమాల, అవే చెప్పేవి. ఇక్కడ నాకు మిగిలినవి క్రిస్మస్, ఈస్టర్, గుణదల మాత తిరునాళ్లు. అందులో క్రిస్మస్ కూడా డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌ల పేరుతో అయిపోతోంది. 25 వచ్చేసరికి ఓపిక ఉండట్లేదు. ఈస్టర్ తర్వాత అయితే మళ్లీ డిసెంబరు దాకా ఏమీ ఉన్నట్టే ఉండదు.

పోయిన తపస్సు కాలంలో, అంటే ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాస కాలంలో, నలభై రోజులూ నీచు ముట్టనని అనుకున్నాను. మూడో వారంలో ఒక రిసెప్షన్‌లో శుక్రవారమని గుర్తు లేక బిర్యానీ తినేశాను. రెండు రోజులకి బాబుకి జ్వరం వచ్చింది. తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు గుడిలో పెట్టించుకున్న బూడిద చూసి, స్కూల్లో పిల్లలు నుదుటి మీద అదేంటని బాబుని నవ్వారట, వచ్చే ఏడు పెట్టించుకోనంటున్నాడు. కార్తీకంలో అత్తగారు ఎంత నిష్ఠగా ఉంటారో చూస్తుంటే నాకు సిగ్గేస్తోంది. ఆవిడ ఈసారి గుణదల కొండకి నాతో వస్తానంటున్నారు, కొబ్బరికాయ కొడతానంటున్నారు. తీసుకెళ్లొచ్చా? ఇంట్లో ఈ కాలాలన్నీ పాటించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
(పేరు వద్దన్న పాఠకురాలు, విజయవాడ)

సమాధానం:

అమ్మా,

ముందు బాబు జ్వరం సంగతి తేల్చుకుందాం. ఉత్తరంలో దాన్ని ఒక్క ముక్కలో రాసి దాటేశారు గానీ, మిమ్మల్ని లోపల తినేస్తున్నది అదేనని చదివిన ఎవరికైనా తెలుస్తుంది.

ఎండలు ముదిరే రోజుల్లో స్కూలుకెళ్లే పిల్లాడికి జ్వరం రావడానికి తల్లి తిన్న బిర్యానీ కారణం కాదు. మిమ్మల్ని ఊరడించడానికి అంటున్న మాట కాదిది, సువిశేషంలో (యేసు జీవితం చెప్పే గ్రంథాల్లో) ఉన్నదే. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో ఉన్న మిగతా అందరికంటే పాపాత్ములనుకుంటున్నారా అని ప్రభువే అడిగి, కాదని ఆయనే చెప్పారు. లూకా 13వ అధ్యాయంలో ఉంది, ఈ రాత్రి తీసి చదవండి. ఆ వెంటనే మారుమనస్సు పొందమని గట్టిగానే హెచ్చరించారు, అది దాచను. కానీ పక్కవాడి మీద గోడ కూలితే వాడు చేసిన పాపాల లెక్క తీసే అలవాటుని మాత్రం ఒప్పుకోలేదు. లూకా సువిశేషం చదివే ఏడు, తపస్సు కాలం మూడో ఆదివారం పూజలో వినిపించేది ఈ భాగమే.

మొక్కు తప్పితే కీడు జరుగుతుందన్న భయం మన వైపు ఏ మతం వాళ్లనీ వదల్లేదు. మన విచారణల్లోనూ (ఒక్కో ఫాదర్ గారి కింద ఉండే సంఘాల్లోనూ) కావలసినంత ఉంది. అందుకని తేడా ఒకటి చెప్తాను. నలభై రోజులూ నీచు ముట్టనని మనసులో అనుకోవడం తీర్మానం. అది తప్పితే మర్నాడు మళ్లీ మొదలుపెట్టడమే, దానికి జరిమానా ఏమీ లేదు. తెలిసి, ఆలోచించి, దేవుడికి మాట ఇచ్చి మొక్కుకోవడం వేరు. మీది అలాంటి మొక్కే అనిపిస్తే దానికీ దారి ఉంది. సొంతంగా చేసుకున్న మొక్కుని న్యాయమైన కారణం ఉంటే సడలించే అధికారం శ్రీసభ (కథోలిక సంఘం) చట్టం విచారణ గురువుకి ఇచ్చింది. ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ గారిని ఓ ఐదు నిమిషాలు అడగండి. శుక్రవారమని మర్చిపోయి తిన్నారు, కావాలని తినలేదు. మనసు కుదుటపడకపోతే పాపసంకీర్తనంలో (గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు) ఒక్కసారి చెప్పుకుని అక్కడితో వదిలేయండి. ప్రతిసారీ అదే తవ్వుకోవద్దు.

ఇక నియమం ఏమిటో కూడా తెలుసుకోండి, ఎందుకంటే మీరు నియమం అడిగినదానికంటే చాలా పెద్ద బరువు ఎత్తుకున్నారు. ఉపవాసం తప్పనిసరి అయిన రోజులు ఏడాదికి రెండే, విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే). 18 ఏళ్లు నిండినవాళ్ల నుంచి 59 ఏళ్లు నిండేదాకా ఆ నియమం వర్తిస్తుంది. ఒక పూట కడుపునిండా తినొచ్చు, మిగతా రెండు పూటలా కొంచెం కొంచెం. ఒంట్లో బాగాలేనివాళ్లకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి మినహాయింపు ఉంది. మాంసం మానడం 14 ఏళ్లు నిండినప్పటి నుంచి, విభూది బుధవారం నాడు, తపస్సు కాలంలో ప్రతి శుక్రవారం. మిగతా శుక్రవారాలు కూడా ప్రాయశ్చిత్త దినాలే. ఆ రోజుల్లో మాంసం మానడానికి బదులు వేరే ఏదైనా చేయొచ్చా అన్నది ఆయా దేశాల పీఠాధిపతులు (బిషప్పులు) నిర్ణయిస్తారు, ఫాదర్ గారు చెప్తారు. నలభై రోజులూ నీచు మానేయడం మన ఇళ్లలో పెద్దవాళ్ల నుంచి వచ్చిన మంచి అలవాటు. చేయగలిగితే చేయండి, కానీ అది చట్టం కాదు. చేప, గుడ్డు, పాలు ఈ నిషేధంలో లేవు. అలాగని శుక్రవారం కోడి మానేసి కొరమీను పులుసు, రొయ్యల ఇగురుతో భోంచేస్తే నియమం తప్పినట్టు కాదు గానీ, తపస్సు చేసినట్టూ కాదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఎక్కడ మొదలుపెట్టాలి?

వారంతో. ఏడాది మొత్తాన్ని ఒకేసారి నెత్తిన పెట్టుకోకండి. శుక్రవారం, ఆదివారం, ఈ రెండు రోజుల్ని ఇంట్లో నిలబెట్టండి. మిగతా కాలాలన్నీ వాటి మీదే కట్టి ఉన్నాయి. డిసెంబరు 25న క్రిస్మస్ చేసుకున్నట్టు రోములో ఆధారాలు కనిపించేది నాలుగో శతాబ్దంలో. ఆదివారం నాడు కూడి రొట్టె విరవడం అపొస్తలుల కాలం నుంచే ఉంది. ప్రతి శుక్రవారం ఓ చిన్న పవిత్ర శుక్రవారం, ప్రతి ఆదివారం ఓ చిన్న ఈస్టర్. తపస్సు కాలంలో కూడా ఆదివారాన్ని ఉపవాసంలో కలపరు. విభూది బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజైన పవిత్ర శనివారం దాకా లెక్కపెడితే 46 రోజులు వస్తాయి. అందులో ఆరు ఆదివారాలు తీసేస్తేనే నలభై. కాబట్టి ఆ ఆదివారాల్లో పాప చాక్లెట్ అడిగితే కళ్లెర్ర చేయకండి.

శుక్రవారం ఏం చేయాలి? మీరు ఏడింటికి ఇంటికొస్తారు కాబట్టి గుడిలో స్లీవ మార్గానికి (యేసు సిలువ మోసిన దారిని ఘట్టాలుగా ధ్యానించే ప్రార్థనకి) ప్రతి వారం అందుకోలేరు. ఇంట్లో చేసుకునే పద్ధతి చెప్తాను. తపస్సు కాలంలో పవిత్ర శుక్రవారంతో కలిపి ఏడు శుక్రవారాలు ఉంటాయి. స్లీవ మార్గంలో స్థలాలు పద్నాలుగు. వారానికి రెండు స్థలాలు చొప్పున అన్నం ముందు బాబు చేత చదివించండి. చివరి రెండూ, ప్రభువుని సిలువ నుంచి దించడం, సమాధిలో ఉంచడం, పవిత్ర శుక్రవారం సాయంత్రానికే వస్తాయి. పది నిమిషాల పని. వంట కూడా తేలిక, చారు, పప్పు, మజ్జిగ. ఆ వారం కోడికో మటన్‌కో పెట్టాల్సిన డబ్బు పాప చేతికిచ్చి ఓ డబ్బాలో వేయించండి. విభూది బుధవారం అయ్యాక వచ్చే మొదటి శుక్రవారం పూజలో యెషయా 58వ అధ్యాయం చదువుతారు. ఆకలిగొన్నవాడికి నీ అన్నం పెట్టు, నేను కోరే ఉపవాసం అదీ అంటాడు దేవుడు అక్కడ. ఆ డబ్బా ఎవరికి ఇవ్వాలో పిల్లల్నే తేల్చమనండి. వాచ్‌మెన్ కొడుకు స్కూలు ఫీజని ఒకరు, కుక్కపిల్లలకి పాలని ఒకరు కొట్లాడుకుంటారు. కొట్లాడుకోనివ్వండి.

ఆదివారం పూజకి ఎలాగూ వెళ్తున్నారు. దానికి ముందు రోజు రాత్రి ఆ ఆదివారం సువిశేషాన్ని ఇంట్లో ఒకసారి పైకి చదవండి. సువిశేషాలు మూడేళ్లకోసారి తిరిగివస్తాయి, ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా. యోహాను ఎక్కువగా పాస్కా (ఈస్టర్) కాలంలో వినిపిస్తారు. 2026 నవంబరు 29న క్రిస్మస్‌కి సిద్ధపడే ఆగమన కాలం మొదలైనప్పుడు మార్కు సంవత్సరం మొదలవుతుంది. నాలుగింటిలో చిన్నది అదే, 16 అధ్యాయాలు. బాబు ఆగమన కాలంలోనే మొత్తం చదివేయగలడు, చదివితే ఆ ఏడంతా గుడిలో ఫాదర్ గారు నోరు తెరవగానే ఇది నాకు తెలుసే అంటాడు. సండే క్లాసుల్లో నేను చూసినంతవరకు పిల్లలకి ఆ తెలుసే అన్న గర్వం ఇచ్చే ఉత్సాహం ఏ బహుమతీ ఇవ్వదు.

అత్తగారిని చూసి సిగ్గుపడుతున్నానని రాశారు. దేనికమ్మా? కాలాన్ని ఎలా పాటించాలో తెలిసిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు. కార్తీకంలో తెల్లవారుజామునే లేవడం, నీచు వండకపోవడం, దీపం పెట్టడం, ఇవన్నీ ఆవిడకి ఎవరూ ప్రోగ్రాం రాసి ఇవ్వలేదు. రోజూ అదే వేళకి అదే పని చేయడం వల్ల వచ్చాయి. ఆవిడ వ్రతాన్ని మీరు చేయమని కాదు, మీ విశ్వాసాన్ని ఆవిడ పూజతో కలిపి ఒకే కూర చేయమనీ కాదు. ఫలానా నలభై రోజులు మాకిలాంటివత్తయ్యా అని ఒక్క మాట చెప్పి చూడండి, అర్థం చేసుకోవడానికి ఆవిడకి అరనిమిషం పట్టదు. శుక్రవారం ఏం వండాలని ఆవిడే గుర్తు చేసినా ఆశ్చర్యపోను.

కార్తీకం ఏటా కొంతైనా నవంబరులోకి వస్తుంది. నవంబరు మనకి చనిపోయినవాళ్ల నెల. 1న సకల పునీతుల పండుగ, 2న మృతుల స్మరణ. ఊళ్లో సమాధులకి సున్నం వేయడం, బంతిపూలు, కొవ్వొత్తులు మీకు గుర్తుండే ఉంటాయి. విజయవాడ నుంచి ఫిరంగిపురం వైపు వెళ్లడం పెద్ద ప్రయాణమేమీ కాదు. 2వ తేదీ సెలవు దొరక్కపోతే దగ్గర్లో వచ్చే ఆదివారం వెళ్లండి. మావారిని తీసుకెళ్లనా అని మీరు అడగలేదు గానీ, ఈ ఒక్క రోజుకి మాత్రం తప్పకుండా పిలవండి. సమాధి దగ్గర గడ్డి పీకడానికి, నీళ్లు మోయడానికి ఏ మతమైనా ఒకటే. పూజ మొత్తం పక్కన నిలబడి ఏం చేయాలో తెలియక ఇబ్బంది పడే అల్లుళ్లని చాలామందిని చూశాను. చేతికి పని ఇస్తే ఆ ఇబ్బంది ఉండదు.

డిసెంబరు. సెమీ క్రిస్మస్‌తో యుద్ధం పెట్టుకోకండి, గెలవరు. ఆఫీసులో, స్కూల్లో, అపార్ట్‌మెంట్‌లో ఎవరు పిలిచినా వెళ్లండి, కేకు తినండి, పాట పాడమంటే పాడండి. ఇది ఆగమన కాలం, ఇప్పుడే పాడకూడదు అని మొహం ముడుచుకుని కూర్చునే కథోలికుణ్ణి చూస్తే నాకే చిరాకు. బయట ఏం జరిగినా మీ గడప లోపల మాత్రం క్రిస్మస్ తన రోజునే రావాలి. అంతవరకు మీ చేతిలో ఉంది.

ఇలా చేయండి. ఓ స్టీలు పళ్లెంలో నాలుగు కొవ్వొత్తులు నిలబెట్టండి. చుట్టూ మామిడాకులో క్రోటన్ రెమ్మలో ఏవి దొరికితే అవి. మూడింటికి ఊదా రిబ్బను, ఒకదానికి గులాబీ రంగు రిబ్బను. మొదటి ఆదివారం ఒకటి, రెండో ఆదివారం రెండు, అలా వెలిగిస్తూ పోతారు. గులాబీది మూడో ఆదివారానికి. ఆ రోజు కాస్త సంతోషించమని శ్రీసభే చెప్తుంది, కొన్ని గుళ్లలో ఫాదర్ గారు కూడా గులాబీ రంగు వస్త్రాలు వేసుకుంటారు. కొవ్వొత్తి వెలుగుతున్నంతసేపు ఇంట్లో లైట్లు ఆపేసి ఉంచండి. ఆరేళ్ల పిల్లకి అంతకుమించిన ఉపదేశం అక్కర్లేదు.

స్టార్ ఎప్పుడు కట్టాలి? ఒకటో తేదీనే కడదామని పిల్లలు గోల చేస్తారు. 24 దాకా వద్దంటే మరీ కఠినం, పక్క ఫ్లాట్లన్నీ మెరుస్తుంటే మీ ఇల్లొక్కటే చీకటిగా ఉందని అలుగుతారు. నా సలహా 17. ఆ రోజు నుంచి పూజలో పాఠాలు కూడా మారతాయి, మత్తయి మొదటి అధ్యాయంలో యేసు వంశావళితో మొదలై రోజురోజుకీ జననం దగ్గరికి వస్తాయి. సుమారుగా అదే రోజుల్లో అత్తగారి ధనుర్మాసం కూడా మొదలవుతుంది. ఆవిడ తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేస్తుంటే, మీ స్టార్ పైన వెలుగుతూ ఉంటుంది. ఇద్దరికీ ఇబ్బంది లేదు.

పశువుల పాక కూడా ఒక్క రోజులో కట్టేయొద్దు. ముందు ఒట్టి గడ్డి, పాక. వారం పోయాక ఆవు, గాడిద. తర్వాత గొల్లలు. మరియమ్మ, జోజప్ప (యోసేపు) చివరి వారంలో. బాలయేసు బొమ్మని బీరువాలో దాచి, 24 రాత్రి పూజ నుంచి వచ్చాక ఇంట్లో అందరికంటే చిన్నపిల్ల చేత పెట్టించండి, ఎంత నిద్రమత్తులో ఉన్నా సరే. ముగ్గురు రాజుల్ని హాల్లో టీవీ దగ్గరో కిటికీ మీదో పెట్టి, రోజుకో జానెడు జరుపుతూ జనవరి మొదట్లో వచ్చే వాళ్ల పండుగ నాటికి పాక దగ్గరికి చేర్చడం పాప డ్యూటీ. మధ్యలో ఒక రాజు సోఫా కింద తప్పిపోతాడు. ప్రతి ఇంట్లోనూ తప్పిపోతాడు, టెన్షన్ పడకండి.

ఇంకొకటి, 26న స్టార్ దించేసేవాళ్లు చాలామంది. మీరు దించకండి. డిసెంబరంతా పండుగ చేసుకుని అలసిపోయినవాళ్లకి 25తో అంతా అయిపోతుంది, కానీ మన క్రిస్మస్ కాలం ఆ రోజే మొదలవుతుంది. ప్రభువు జ్ఞానస్నానం పండుగ దాకా ఉంటుంది, అది జనవరి 7కీ 13కీ మధ్య వస్తుంది. భోగి మంటకి ముందు దించితే సరిపోతుంది. ఆ రెండు వారాల్లో చుట్టాల్ని పిలవండి, పిండివంటలు చేయండి. 25 నాటికి ఓపిక ఉండట్లేదన్నారే, ముందు పరిగెత్తడం తగ్గిస్తే తర్వాతి రోజులకి ఓపిక మిగులుతుంది.

బాబు విభూది గురించి. వాడు సిగ్గుపడటం సహజం, బలవంతం చేయకండి. ఆ బుధవారం గుడిలో చదివే సువిశేషం ఏమిటో వాడికే చూపించండి. మత్తయి 6వ అధ్యాయం. ఉపవాసం ఉన్నప్పుడు మొహం వేలాడేసుకోకు, మొహం కడుక్కో, తలకి నూనె రాసుకో, నలుగురికీ తెలిసేలా చేయకు అంటారు యేసు. నుదుటి మీద బూడిద పెట్టే రోజునే ఇది చదవడం పిల్లలకి వింతగా తోస్తుంది, బాగా గుర్తుంటుంది. విభూదిని రోజంతా ఉంచుకోవాలన్న నియమం ఏదీ లేదు. స్కూలు అయ్యాక సాయంత్రం పూజకి తీసుకెళ్లండి, పెట్టించుకుని ఇంటికొచ్చేస్తాడు. అంతకుముందు ఏడాది ఈస్టర్‌కి ముందు వచ్చే మ్రానికొమ్మల ఆదివారం నాడు తెచ్చుకున్న కొమ్మల్ని కాల్చే ఆ విభూది చేస్తారు. కాబట్టి ఈసారి తెచ్చుకున్న కొమ్మని స్లీవ (సిలువ) వెనక భద్రంగా దాచే పని వాడికి అప్పగించండి. చాలా విచారణల్లో విభూది బుధవారానికి ముందు వాటిని తిరిగి తెమ్మంటారు, వాడే తీసుకెళ్లి ఇస్తాడు. తను ఇచ్చిన కొమ్మే తన నుదుటి మీదికి వచ్చిందంటే వాడే నలుగురికీ చెప్పుకుంటాడు.

ఈస్టర్‌కి ముందు వచ్చే పవిత్ర వారంలో అన్నిటికీ వెళ్లలేకపోతే పాస్కా జాగరణ ఒక్కటైనా వదలకండి. శనివారం రాత్రి, చీకట్లో, గుడి బయట కొత్త నిప్పు రాజేస్తారు. ఆ నిప్పుతో పెద్ద పాస్కా క్రొవ్వొత్తి వెలిగించి, దాని నుంచి అందరి చేతుల్లోని కొవ్వొత్తులు. పాఠాలు పొడుగ్గా ఉంటాయి, పాత నిబంధన నుంచే ఏడు దాకా చదవొచ్చు, ఎర్ర సముద్రం దాటిన పాఠం మాత్రం తప్పనిసరి. పాప నిద్రపోతుంది, పోనివ్వండి. నిప్పు చూసింది చాలు. బాబుకి మాత్రం మధ్యాహ్నం కాసేపు నిద్రపుచ్చి తీసుకెళ్లండి. ఆ రాత్రి దీవించిన నీళ్లు ఓ సీసాలో తెచ్చుకోండి.

ఈస్టర్ తర్వాత ఏమీ లేదన్నారు. యాభై రోజులు ఉందమ్మా, పెంతెకోస్తు పండుగ దాకా. తపస్సుకి నలభై అయితే సంబరానికి యాభై. ఎండాకాలం సెలవులు చాలామటుకు అందులోనే పడతాయి, పిల్లలు అమ్మమ్మగారి ఊళ్లో ఉంటే మే నెల జపమాల వాళ్లకి అక్కడ ఎలాగూ దొరుకుతుంది. ఆ తర్వాత వచ్చే సామాన్య కాలం అంతా ఆకుపచ్చ వస్త్రాలే, ఏడాదిలో ఎక్కువ భాగం అదే. దానికి ప్రత్యేకంగా ఏమీ పెట్టుకోకండి. పిల్లల జ్ఞానస్నానపు పేర్లున్న పునీతుల పండుగ రోజు పాయసం చేయండి. ఆగస్టు 15న జెండా వందనం అయ్యాక మరియమాత మోక్షారోపణ (మోక్షానికి ఎత్తబడిన) పండుగ పూజకి వెళ్లండి. అక్టోబరులో జపమాల, మొత్తం కుదరకపోతే ఒక్క పది పూసలు. శుక్రవారం, ఆదివారం ఎలాగూ నడుస్తుంటాయి.

ఉగాది చాలా ఏళ్లు తపస్సు కాలంలోనే వస్తుంది. దానికి కంగారు పడే తల్లులు చాలామందే ఉన్నారు కాబట్టి మీరు అడగకపోయినా చెప్తున్నాను. కొత్త సంవత్సరం, ఇంట్లో పెద్దావిడ చేసిన పచ్చడి, అందరితో కలిసి భోజనం, వీటికి తపస్సు అడ్డం రాదు. 2026లో అయితే ఉగాది, జోజప్ప గారి పండుగ రెండూ మార్చి 19నే. జోజప్ప గారిది మహోత్సవం, అంటే పెద్ద పండుగ, ఆ రోజు తపస్సు కాలపు ఊదా పక్కనపెట్టి తెల్ల వస్త్రాలే వేస్తారు.

చివరిగా గుణదల. అత్తగారిని తీసుకెళ్లండి, ఇందులో ఆలోచించేదేముంది? 1924లో ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ అర్లాటి అక్కడ మాత స్వరూపాన్ని నిలిపినప్పటి నుంచీ ఆ కొండ ఎక్కేవాళ్లలో కథోలికులు ఎందరో, కానివాళ్లు ఎందరో ఎవరూ లెక్క తీయలేరు. తలనీలాలు ఇచ్చేవాళ్లు, కొబ్బరికాయ కొట్టేవాళ్లు, ఊరికే కొవ్వొత్తి పెట్టి కూర్చునేవాళ్లు, అందరూ కనిపిస్తారు. ఆవిడ కొబ్బరికాయ ఆవిడ కొట్టుకుంటారు, మీ జపమాల మీరు చెప్పుకోండి. మా మతంలో ఇలా కాదు అని మెట్ల మీద నిలబెట్టి పాఠం చెప్పొద్దు. ఆవిడే అడిగితే, 1858లో లూర్దులో బెర్నదెత్ అనే పేదపిల్లకి మరియ తల్లి కనిపించిందని, ఆ మొదటి దర్శనం ఫిబ్రవరి 11న జరిగిందని, అందుకే పండుగ ఆ రోజని చెప్పండి. కథ ఆవిడకి నచ్చుతుంది.

అయితే పండుగ మూడు రోజుల్లో, అంటే ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో, జనం తోపులాట ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆవిడ మోకాళ్ల సంగతి చూసుకోండి. మామూలు రోజు పొద్దున్నే వెళ్తే నిదానంగా ఎక్కి దిగొచ్చు. తిరునాళ్లకే వస్తానని పట్టుబడితే, 2027లో మాత్రం తేదీ చూసుకోండి. ఆ ఏడు విభూది బుధవారం ఫిబ్రవరి 10న, సరిగ్గా మధ్య రోజున వస్తోంది, 2016లో వచ్చినట్టే. ఆ రోజు మీకు ఉపవాసం. ఆవిడతో 9న గానీ 11న గానీ వెళ్లండి, మీరు ఖాళీ కడుపుతో ఉండి ఆవిడ చెయ్యి పట్టుకుని అన్ని మెట్లు ఎక్కించలేరు.